రోగమును దాచుట గౌరవమా?



గత మాసమున మన సంఘ కార్యవర్గము ఒక చిన్న తీర్మానము చేసెను. గనులలో పనిచేసిన పెద్దలున్న ప్రతి తెలుగు ఇంటికిని పోయి, వారు ఏ గనిలో, ఏ పని, ఎన్ని సంవత్సరములు చేసిరో ఒక కార్డుపై వ్రాసి వారి చేతికే ఇయ్యవలెననునది ఆ తీర్మానము. దగ్గుగాని ఆయాసముగాని ఉన్నవారు ఏ వైద్యుని వద్దకు పోయినను ముందుగా ఆ కార్డును చూపవలెను. ఇంతకు మించి అందేమియు లేదు. వ్యయము కార్డు వెల మాత్రమే.

అయినను దీనిపై లేచిన అలజడి ఇంతింత కాదు. నా అంగడికి వచ్చి మరీ మందలించి పోయినవారు కలరు. ఒకరు, "మన ఇండ్లల్లో దగ్గుందని మనమే ఊరంతా చాటుకుంటామా? రేపు పిల్లలకు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అనిరి. మరియొకరు, "గని మూసి ఇరవై ఏండ్లు దాటిపోయె. ఇప్పుడా మాటలు ఎందుకన్నా?" అనిరి. మూడవవారు వయసున పెద్దలు, నాకు గౌరవనీయులు. వారు, "నాయనా, మందిచ్చేది డాక్టరు పని. ఆయనకు మనం నేర్పించాలా?" అనిరి.

ఈ మూడు మాటలకును సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము. నేను వైద్యుడను కాను. పదవ తరగతితో చదువు చాలించి తక్కెడ పట్టినవాడను. కాని ఈ విషయమున మాటలాడుటకు నాకొక హక్కు కలదు. ఆ హక్కు చదువు వలన వచ్చినది కాదు, చేసిన తప్పు వలన వచ్చినది. కావున మూడవ మాటనే మొదట తీసికొందును.

మా పెదతండ్రిగారు చాంపియన్ రీఫ్ గనిలో ఇరువదిరెండేండ్లు డ్రిల్లు పట్టిరి. ఆ కూలిడబ్బుతోనే రాబర్ట్‌సన్‌పేటలో మా అంగడికి పునాది పడినది. గని పని మానిన తరువాత ఆయన గల్లాపెట్టె వద్ద కూర్చుండెడివారు. కొంతకాలమునకు దగ్గు పట్టెను. మొదట మెట్లెక్కినచో ఆయాసము, పిదప నడచినచో ఆయాసము, తుదకు చొక్కా తొడుగుకొన్నను ఆయాసము. ఊరిలోనివారు ఉబ్బసమనిరి. బెంగుళూరిలోని ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చటి యువ వైద్యుడు కాగితముపై వివరములు వ్రాసికొనుచు, "ఏమి పని చేస్తారు?" అని అడిగెను. పెద్దాయన ఆయాసముతో నోరు తెరచు లోపలనే, ప్రక్కన నిలిచిన నేను, "వ్యాపారం" అంటిని.

అది అబద్ధము కాదు. ఆనాడు ఆయన చేయుచున్నది వ్యాపారమే. కాని అంగడి పెట్టిన తరువాత మా ఇంట గని మాట ఎత్తుట క్రమముగా తగ్గిపోయినది. కూలి లైన్లనుండి వచ్చినవారమని నలుగురిలో చెప్పుకొనుట నాకు నామోషీగా నుండెడిది. ఆ నామోషీయే ఆనాడు నా నోట ఆ మాట పలికించినది. ఆ వైద్యుడు నేను చెప్పినదే వ్రాసికొనెను. ఎక్స్‌రేలోని మచ్చలు చూచెను. అంగడిలో కూర్చుండు మనుష్యునకు అట్టి మచ్చలు దేనివలన వచ్చునో ఆలోచించి, క్షయ మందులు వ్రాసెను. ఆరు నెలలు మింగిరి, తగ్గలేదు. మరల ఎనిమిది నెలలు మింగిరి, తగ్గలేదు. తెమడ పరీక్షలో క్షయ క్రిమి ఒక్కమారును కనబడలేదు.

రెండేండ్ల తరువాత వేరొకచోట వయసు మళ్లిన వైద్యులొకరు ఆ ఎక్స్‌రేను వెలుతురునకెత్తి పట్టి, మమ్మేమియు అడుగక ముందే, "వీరిది కోలారు గనులా?" అనిరి. నాకు తల కొట్టివేసినట్లైనది. వారు చెప్పిన రోగము పేరు సిలికోసిస్. అప్పటికి చేయదగినది స్వల్పము. 2009లో మా పెదతండ్రిగారు కాలధర్మము నొందిరి.

ఆ మొదటి వైద్యుని నేను నిందింపను. అతడు అడుగవలసినది అడిగెను, నేను దాచితిని. బండివానికి తప్పుదారి చూపి, ఊరు రాలేదని వానిని తిట్టుట న్యాయమా? వైద్యుని విద్య ఎంత గొప్పదైనను అది మనము చెప్పిన మాట వెంటనే నడచును. "డాక్టరుకు మనం నేర్పించాలా" అని అడిగిన పెద్దలకు నా మనవి యిది: వైద్యము నేర్పనక్కరలేదు, మన బ్రతుకు చెప్పవలెను. అది మనకు తప్ప మరెవ్వరికి తెలియును?

ఈ రోగమెట్టిదో తెలియనివారికై నాలుగు మాటలు. మన గనులలో బంగారము పలుగురాతిని అంటిపెట్టుకొని యుండెడిది. పలుగురాయి యనగా సిలికాయే. డ్రిల్లు తిరిగినప్పుడును, మందుగుండు పేలినప్పుడును, పగిలిన రాతిని ఎత్తిపోసినప్పుడును అది ధూళియై లేచును. కంటికి కనబడు దుమ్ము ముక్కులోను గొంతులోను నిలిచి, ఉమ్మితో వెలుపలికి పోవును. కంటికి కనబడనిది ఊపిరితిత్తుల అడుగునకు దిగును. శరీరము దానిని కరగింపలేక దాని చుట్టును మచ్చ కట్టును. మచ్చకు మచ్చ తోడై, మెత్తని ఊపిరితిత్తి గట్టిపడును. ఇది ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు. కాని దీనిని మాన్పు మందు నేటికిని లేదు. రాకుండ చూచుకొనుటయే దీనికి వైద్యము. తడిపి తొలుచుట, గాలి ఆడునట్లు చేయుట, ధూళిని నీటితో అణచుట, కాలమున పరీక్ష చేయించుట, ఇవియే ఆ వైద్యమునకు మందులు.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. మన కోలారు గనుల పనివారిలో 7,653 మందిని ఎక్స్‌రే తీసి పరీక్షించిన ఫలితములు 1947లో వెలువడెను. నూటికి నలుబదిమందికి మించి సిలికోసిస్ చిహ్నములు కనబడెను. భారతదేశమున ఈ రోగమును లెక్కలతో లోకమునకు చూపిన తొలి ఊళ్లలో మన ఊరొకటి. దేశమందలి వైద్య విద్యార్థులు మన గనుల పేరు చెప్పి ఈ రోగమును చదువుకొనిరి. మన ఇండ్లలో మాత్రము దానికి పేరు లేదు! "దగ్గు" అందుము, "దమ్ము" అందుము, "ఆయాసం" అందుము, "వయసు మీద పడింది" అందుము. నేను వర్తకుడను. పేరు తెలియని సరకును ఎవ్వరును అడుగరనియు, అడుగని సరకును ఏ వర్తకుడును తెప్పింపడనియు నాకు బాగుగా తెలియును. వైద్యమందును అంతే. జనులకు పేరు తెలియని రోగమునకు ఊరిలో పరీక్ష దొరకదు.

అడిగిన సరకే అంగడికి వచ్చుననుటకు మరియొక తార్కాణము చెప్పెదను. మన పేటలలో సూది వేయని డాక్టరు డాక్టరే కాడు. "రెండు మాత్రలిచ్చి పంపించె, దీనికా నూరు రూపాయలు?" అని మనమే అందుము. చేతికి గ్లూకోజు సీసా కట్టినవాడు ఘనుడు. "పొగ మానుము, మూడు నెలలకు మరల రమ్ము" అన్నవాడు చేతగానివాడు. ఆయాసమునకు పీల్చు మందు వ్రాసిన, "అది అలవాటైపోతుంది" అని భయపడి మూలబెట్టుదుము. వారము వారము సూదికి మాత్రము చేయి చాతుము. ఆ సూది స్టెరాయిడైనచో పది దినములు హాయిగా నుండును. మాటిమాటికి వేయించుకొన్నచో చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును, క్షయ వంటి రోగములకు శరీరము లోబడును. సూదిమందు వైద్యులను శపించుటకు ముందు వారిని పోషించినదెవరో ఆలోచింపుడు. మన అభిప్రాయమే మన ఊరి వైద్యమును తయారుచేసినది.

గనుల ఊరు విడిచి జిల్లాలోని పల్లెలను చూచినను కథ ఇదియే. చెరువులెండి, వేయి అడుగులకు మించి బోరు దింపిన చోట్ల నీటిలో ఫ్లోరైడు అధికము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామును మించినచో పిల్లల పండ్లపై గోధుమరంగు గీతలు తేలును. ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్లును ఎముకలును పట్టివేయును. తల్లులు పిల్లను పండ్లు తోముకొనలేదని తిట్టుదురు. తెలిసినవారమనుకొనువారు నీటిని కాచి పోయుదురు. కాచినందున క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. మంచి మనసుతో చేసిన పనియైనను, తెలియక చేసినచో ఫలమిట్లుండును.

ఇక రెండవ మాట: గని మూతపడినది గదా అనునది.

నిజమే. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీ చేత మొదలై, 1956లో మైసూరు ప్రభుత్వము చేతికిని, 1962లో కేంద్రము చేతికిని వచ్చి, 1972నుండి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడచిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. గని మూతపడినది గాని, ఊపిరితిత్తిలోని ధూళి కంపెనీ లెక్క చూచుకొని వెలుపలికి రాలేదు. ఈ రోగము సాధారణముగా పదియేండ్లకును, ఇరువదియేండ్లకును బయటపడును. ధూళి పీల్చుట మానినను పెరుగుచునే యుండును. 2001లో పాతికేండ్ల వయసున గని దిగినవాడు నేడు ఏబదియేండ్లవాడు. వాని రోగము ఇప్పుడే తలయెత్తు కాలము.

అంతేకాదు. గని యున్ననాడు కార్డుతో పని లేకుండెను. కంపెనీ ఆసుపత్రిలో ఎన్ని లోపములున్నను, అచ్చటి వైద్యునకు ఎదుట కూర్చున్నవాడు గనివాడని తెలియును. గనితోపాటు ఆ ఏర్పాటును పోయినది. నేడు మనవారు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి, మనమెవరమో ఎరుగని ఆసుపత్రులలో వరుసలో నిలుచుచున్నారు. కావున గని మూతపడినందుననే ఈ కార్డు మరింత అవసరమైనది. అదే రైలులో పనికి పోవు మన పిల్లలను చూడుడు. గ్రానైటు కోయువారు, టైల్సు కోయువారు, గోడలు తొలుచువారు, జల్లి క్రషర్లలో నిలుచువారు. తాత మానిన ధూళిని మనుమడు పట్టణమున పీల్చుచున్నాడు. ముక్కునకు కట్టిన చేతిగుడ్డ ఆ సన్నని ధూళిని ఆపదని వానికి చెప్పినవారెవరు?

ఇంకను మన ఇంటి ముందరి సంగతి. బంగారము తీసిన పిదప పారబోసిన పిండిరాతి గుట్టలు, మనము సైనైడు గుట్టలని పిలుచునవి, పదమూడు కలవు. అందు సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల మన్ను కలదని లెక్క. ఎండకాలమున గాలి లేచిన నాడు మన ఇండ్లలో అన్నము మీద గుడ్డ కప్పుకొనుట మన ఆడవారికి చెప్పనక్కరలేదు. "సైనైడు" అను పేరు విని మనమందరము విషమునకు భయపడుదుము. పలుగురాతి పొడి మాట ఎవ్వరును తలపరు. ఆ గుట్టలలో మిగిలిన బంగారమును తీయుటకు కేంద్రము చేసిన ప్రతిపాదనకు 2024 జూన్ మాసమున కర్ణాటక మంత్రివర్గము సమ్మతించెను. పని వచ్చినచో సంతోషమే. ఊరు బ్రతుకవలెనని కోరని వర్తకుడెవ్వడు? కాని గుట్టను కదలించినచో ధూళి లేవకుండునా? నీరు చల్లుదురా, గాలిలోని ధూళిని కొలుచుదురా, చుట్టుప్రక్కల వారి ఊపిరితిత్తులను పనికి ముందు ఒకమారును పిదప ఏటేటను పరీక్షింతురా అని అడుగవలసినవారము మనము. తెలియనివారు అడుగరు. అడుగనివారికి ఎవ్వరును చెప్పరు. 1947లో లెక్క తేలినది. ఆ లెక్క మన ఇంటి గడప దాటి లోనికి రాలేదు. మరల అట్లు జరుగరాదు.

పాత పని వివరముల వలన ప్రయోజనమేమని అడుగువారు దక్షిణాఫ్రికాను చూతురుగాక. అచ్చటి బంగారు గనులలోను ఇదే రాయి, ఇదే ధూళి, ఇదే రోగము. రోగగ్రస్తులైన గనివారు న్యాయస్థానమున పోరాడగా, 2019లో అచ్చటి ఉన్నత న్యాయస్థానము గని కంపెనీలతో కుదిరిన పరిహారపు ఒప్పందమును ఆమోదించెను. 1965 తరువాత పనిచేసినవారికి అది వర్తించును; ఏ గనిలో ఎన్నడు పనిచేసిరో తేలినవారికే సొమ్ము దక్కును. మన దేశమునందును రాజస్థాన ప్రభుత్వము 2019లో ఈ రోగులకై ప్రత్యేక విధానము ప్రకటించి, నిర్ధారణయైన వారికి సహాయధనము ఏర్పరచెను. రేపు మన రాష్ట్రమున అట్టి ద్వారము తెరచుకొన్నచో మన చేతిలో ఏమున్నది? పెట్టె అడుగున చెదలు తినుచున్న గని టోకెనులును జీతపు చీట్లును తప్ప మరేమియు లేదు. వానిని వెలికి తీయుడు.

ఇక అన్నిటికంటె బలమైన మొదటి మాట: సంబంధములు.

ఈ భయమును నేను ఎగతాళి చేయను. నాకును కుమార్తె కలదు. కాని మనము ఏమి దాచుచున్నామో తెలిసి దాచుచున్నామా? సిలికోసిస్ అంటునది కాదు, వంశమున వచ్చునది కాదు. దానిని దాచుటకు కారణమే లేదు. క్షయ అంటునది, దానిని దాచుట మహాపాపము. మనము ఈ రెండింటిని కలగలిపి రెండింటిని దాచుచున్నాము! సిలికోసిస్ ఉన్నవానికి క్షయ సోకు ప్రమాదము ఇతరులకంటె అనేక రెట్లు అధికము. కావున గనివాని దగ్గును దాచిన ఇంట, అది ముదిరి క్షయగా మారిన దినము ఎవ్వరికిని తెలియదు. మంచము ప్రక్కన ఆడుకొను మనుమరాలికి ముందుగా తెలియును.

క్షయ నేడు మానని రోగము కాదు. మందులు ప్రభుత్వమే ఉచితముగా నిచ్చును. చికిత్స మొదలైన కొలది వారములకే అంటు గుణము చాలవరకు తగ్గును. చికిత్సాకాలమున పోషణకై 2018నుండి నెలకు 500 రూపాయలిచ్చుచుండిరి. 2024 నవంబరునుండి దానిని 1000 రూపాయలు చేసిరి. మందులు రెండు నెలలు మింగి, ఒడలు కొంత తేరగానే మానివేయువారే మొండి క్షయను తెచ్చుకొనుచున్నారు. మందులు తెచ్చుకొనుట ఎవరైన చూతురేమోయని మూడవ వీధి తిరిగి పోవువారే మానివేయుచున్నారు. ఇందు రోగమెంత, మన గుట్టెంత?

దాచుట మనకు క్రొత్త కాదు. 1898లో బెంగుళూరునకు ప్లేగు వచ్చినప్పుడు రోగులను అధికారుల కంటబడకుండ దాచిన ఇండ్లనేకము. ఆనాటి అధికారుల మోటుతనమును అందులకు కారణమే, దానిని కాదనను. కాని దాచిన ఇంటిని ప్లేగు వదలిపెట్టలేదు. నేడు మనలను బలవంతముగా ఈడ్చుకొనిపోవు అధికారి ఎవ్వడును లేడు. దాచుటకు ఆనాటి సాకును మనకు లేదు.

మన కార్డు సంగతియు స్పష్టముగా చెప్పెదను. దానిపై రోగము పేరుండదు. పని పేరు మాత్రమే యుండును. సంఘము నకలు ఉంచుకొనదు. మన పత్రికలో ఏ ఇంటి పేరును పడదు. ఇంక భయమేల?

ఒక చిక్కు మాత్రము కలదు. దానిని మనము ఒప్పుకొనవలెను. మన పెద్దలు తెలుగున మాటలాడుదురు. పిల్లలు కన్నడమునగాని ఇంగ్లీషునగాని చదివిరి. ఆసుపత్రి గోడమీది కాగితము తాతకు చదువరాదు. తెలుగు కార్డు మనుమనికి చదువరాదు. కావున కార్డును తెలుగునను కన్నడమునను అచ్చు వేయుదుము. ఇంటిలోని చదివిన బిడ్డ పెద్దవారి ప్రక్కన కూర్చుండి, ఏ షాఫ్టు, ఎన్ని అడుగుల లోతు, డ్రిల్లా, తట్టయా, మిల్లా అని అడిగి వ్రాయవలెను. ఆ గంటసేపు మాటలలో ఆ బిడ్డకు తన ఇంటి చరిత్రయు తెలియును. భాషాభిమానమనగా వేదికలెక్కి పద్యములు చదువుట మాత్రమే కాదు. తాత ఆయాసమును మనుమడు అర్థము చేసికొనుటయును భాషాభిమానమే.

కావున సోదరులారా, ఇంటింటికి నేను కోరునవి నాలుగే. గనిలో పనిచేసిన ప్రతివారి పని చరిత్రను వ్రాసి యుంచుడు. రెండు వారములకు మించిన దగ్గునకు తెమడ పరీక్ష చేయించుడు. వైద్యుడు అడిగినను అడుగకున్నను, "గనిలో పని చేసినాను" అని మొదటి మాటగా చెప్పుడు. సూది అడుగుట మానుడు, "ఇది ఏమి రోగం, ఎందువల్ల వచ్చె?" అని అడుగుట నేర్చుకొనుడు.

మూడు వేల మీటర్లకు మించిన లోతున, ఒడలు కాలు వేడిలో, మన తండ్రులు తాతలు పనిచేసిరి. 120 సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము ఆ చేతుల మీదుగా పైకి వచ్చెను. అది సిగ్గుపడవలసిన చరిత్రయా? నేనొకనాడు సిగ్గుపడితిని. ఆ సిగ్గునకు వెల మా పెదతండ్రిగారు చెల్లించిరి. మీ ఇంట ఆ వెల మరెవ్వరును చెల్లింపకుందురుగాక.

వచ్చే ఆదివారము ఉదయమునుండి మన యువకులు కార్డులతో మీ ఇండ్లకు వచ్చెదరు. తలుపు తీయుడు.